దింపుడు కల్లం దగ్గర ఆపిన జనరేటర్

నా పేరు మహమ్మద్ నజీర్. తండ్రి పేరు మహబూబ్ అలీ, ఆయన ఇప్పుడు లేరు. నా వయసు అరవై ఎనిమిది. ఆధార్ కార్డులో అరవై ఆరు అని ఉంది, ఆ రెండేళ్లు ఎటు పోయాయో నాకు తెలియదు. వృత్తి పెళ్లిళ్లకు, సభలకు మైక్‌సెట్, జనరేటర్ కిరాయికి ఇవ్వడం. కాపురం పాత తాండూరులో. ఇంటి నంబరు చెబితే పోస్టుమ్యాన్‌కు కూడా దొరకదు గానీ, మైక్‌సెట్ నజీర్ అంటే ఏ ఆటోవాడైనా తెచ్చి గుమ్మం ముందు దింపుతాడు.

ఈ రోజు 2025 ఫిబ్రవరి 19, బుధవారం. వికారాబాద్‌లో మెజిస్ట్రేట్ గారి ఎదుట ఈ మాటలు చెబుతున్నాను. నేరం ఒప్పుకోవాలన్న బలవంతం ఏమీ లేదని, చెబితే అది నామీదే సాక్ష్యమవుతుందని వారు ముందే చెప్పారు. ఆలోచించుకోమని పోలీసులు లేని గదిలో కూర్చోబెట్టారు. ఆ గదిలో ఫ్యాను కిర్రుమంటోంది, బేరింగులో గ్రీజు ఆరిపోయింది. అది తప్ప అక్కడ నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఆలోచించాల్సిందంతా నెల్లాళ్లుగా ఆలోచించే వచ్చాను.

నా చదువు మూడో తరగతి. ఆ తర్వాత చదివింది పొట్లాల కాగితాల మీద, ఆంప్లిఫయర్ల వెనక. ఇంగ్లీషులో నాకు ముందుగా వచ్చిన మాటలు మూడు: ఇన్‌పుట్, ఔట్‌పుట్, డేంజర్. మూడో మాట ఆ రోజు బషీరాబాద్ చేలల్లో ఉన్న అందరికంటే నాకే బాగా తెలిసి ఉండాలి.

నిరుడు డిసెంబరులో హైదరాబాద్ నుంచి ఒక సర్వే కంపెనీ వచ్చింది. పేరు కేసు కాగితాల్లో ఉంది, నా నోటితో మళ్లీ అక్కర్లేదు. భూమి అడుగున ఏ రాయి ఎంత లోతున ఉంది, నీళ్లు ఎక్కడ ఉన్నాయి అని చూడడం వాళ్ల పని. దానికి పెద్ద జనరేటర్ కావాలన్నారు. నా జనరేటర్‌ను ట్రాక్టర్ ట్రాలీ మీద ఎక్కించుకుని, దానితోపాటు నన్నూ పనిలో పెట్టుకున్నారు. చోటు బషీరాబాద్ దాటాక కర్ణాటక సరిహద్దు వైపు, కంది చేల మధ్య.

ఆ పని ఎలా జరుగుతుందో చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు, అందుకని చెబుతున్నాను. ట్రాలీ మీద నా జనరేటర్. పక్కన బీరువా అంత ట్రాన్స్‌మిటర్. దాని నుంచి తూర్పుకొకటి, పడమరకొకటి రెండు వైర్లు పోతాయి. ఒక్కొక్కటి అర కిలోమీటరుకు పైగా ఉంటుంది. వైరు చివర గుంత తవ్వి, ఇనుప రేకులు పాతి, ఉప్పునీళ్లు పోస్తారు. ఈ గుంతలోంచి ఆ గుంతకు భూమి కిందుగా కరెంటు నడుస్తుంది. మామూలు కరెంటు కాదు, ఇంట్లో వచ్చేదానికి మూడు నాలుగింతల వోల్టేజీ. ఒక్కో గుంతకు ఒక్కో కాపలా మనిషి. పశువులు, మనుషులు దగ్గరికి రాకుండా చూడాలి, కరెంటు లేని సమయంలో గుంత ఆరిపోకుండా ఉప్పునీళ్లు పోయాలి. తూర్పు గుంత కాపలా అంజిలయ్యది.

అంజిలయ్యకు యాభై దాటాయి. వాళ్లది గొర్ల కాపరుల ఇల్లు. గొర్లు అమ్మేశాక రెండెకరాల కంది, దొరికితే కూలి. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. మధ్యాహ్నం నా డబ్బాలో ఖట్టా పులుసు, వాళ్ల డబ్బాలో జొన్నరొట్టె మార్చుకుని తినేవాళ్లం. రొట్టె చేసేది అతని భార్య హన్మమ్మ. నా భార్య జమాలున్నీసా ఆ రొట్టె సంగతి నా నోట పదిసార్లు విని, అయితే ఆమెనే నిఖా చేసుకో అంది.

మెజిస్ట్రేట్ గారు విషయానికి రమ్మన్నారు. వస్తున్నాను.

అసలు వినేవాళ్లు మా దగ్గర ఉండరు. ఆరేడు కిలోమీటర్ల అవతల ఇంజనీర్ నవీన్‌కుమార్ ఇంకో పెట్టె పెట్టుకుని, భూమి లోపలి నుంచి వచ్చే జవాబు వింటాడు. మా కరెంటు ఒక లెక్క ప్రకారం అటూ ఇటూ తిరగబడుతుంటుంది. ఏ క్షణాన తిరగబడిందో అక్కడి పెట్టెకు కచ్చితంగా తెలియాలి. లేకపోతే విన్నదంతా వృథా. మొదటి వారం మా దగ్గర పెట్టాల్సిన కంట్రోలర్ రాలేదు, ఫోన్ల మీదే నడిచింది. నవీన్‌కుమార్ ఫోన్ చేసి ఇవ్వమంటే, నేను ముందు మైకులో చెప్పి, ఆ తర్వాత మీట నొక్కేవాణ్ణి. మైకు నాదే. ట్రాలీ మీద ఒక హారన్ కట్టుకున్నాను. కంపెనీ అడగలేదు, అలవాటు కొద్దీ కట్టాను. గుంతల కాడ ఉన్నోళ్లు దూరం జరగుండ్రి, కరెంటొస్తున్నది, అని రెండుసార్లు అనేవాణ్ణి. తూర్పు నుంచి అంజిలయ్య తువ్వాల ఊపేవాడు. అది చూశాకే మీట.

తర్వాత కంట్రోలర్ వచ్చింది. అన్నం డబ్బా అంత ఉంటుంది. దానికొక తీగ, తీగ చివర పుట్టగొడుగు లాంటిది ఒకటి ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. పైన తిరిగే ఉపగ్రహాల్లో గడియారాలున్నాయట. మా పెట్టె వాటినే వింటుంది, నవీన్‌కుమార్ పెట్టె కూడా వాటినే వింటుంది. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, అయినా తాళం తప్పదు. నాకు ఇది వెంటనే అర్థమైంది. మా ఇంట్లో పొద్దున అజాన్ వినగానే నేను ఒక మూల నుంచి, జమాలున్నీసా ఒక మూల నుంచి లేస్తాం. మధ్యలో మాటలుండవు. నలభై ఐదేళ్లుగా సంసారం సింక్రనైజ్ అయ్యే ఉంది.

ఆ పెట్టె గుణం ఇంకొకటి చెప్పాలి. టేపు ఆపి మళ్లీ పెడితే పాట ఆగిన చోటు నుంచి వస్తుంది. రేడియో ఆపి మళ్లీ పెడితే పాట ముందుకు పోయి ఉంటుంది. ఈ పెట్టె రేడియో జాతిది. దాని బ్యాటరీ దానికే ఉంది. జనరేటర్ ఆగినా అది పైవాళ్ల టైము వింటూనే ఉంటుంది. జనరేటర్ మళ్లీ నడిచి, ట్రాన్స్‌మిటర్ మీద ఆకుపచ్చ మీట నొక్కితే చాలు, ఆ క్షణాన ఏం జరగాలో అక్కడి నుంచే పట్టుకుంటుంది. ఆగామని దానికి గుర్తుండదు. ఎవరైనా దగ్గర ఉన్నారా అని అడగదు.

పెట్టె వచ్చినరోజు నవీన్‌కుమార్ నాతో, చాచా, ఇక రోజూ ఫోన్ల గోల లేదు, టైముకు అదే మొదలైతది, అదే ఆగుతది అన్నాడు. ఇంకోమాట కూడా అన్నాడు. అనుకోకుండా మధ్యలో ఆగితే మాత్రం, మళ్లీ ఇచ్చే ముందు రెండు గుంతల వాళ్లకూ చెప్పి, వాళ్లు దూరం జరిగారని చూసుకుని ఇవ్వమన్నాడు. ఆ మాట నాకు చెప్పలేదని నేను అనను. చెప్పాడు. నేను తల ఊపాను.

ఇప్పుడు ఆ రోజు సంగతి. 2025 జనవరి 21, మంగళవారం. ఉదయం పదిన్నరకు పెట్టె మొదలుపెట్టింది, పదకొండూ నలభై దాకా నడవాలి. పదకొండు కావస్తుండగా సరిహద్దు వైపు నుంచి బండ్లబాట మీద డప్పు చప్పుడు వినిపించింది. శవాన్ని తెస్తున్నారు. ముసలామె, అవతలి ఊరామె. ఆమె పొలం మాత్రం ఇవతల ఉంది, సొంత పొలంలోనే పెట్టాలని కోరుకుందట. బాట మా ట్రాలీకి ఇరవై గజాల్లో పోతుంది.

నేను జనరేటర్ ఆపేశాను.

ఎందుకు ఆపానంటే, మైక్‌సెట్‌వాళ్లలో అదొక పద్ధతి. పాడె గానీ జనాజా గానీ ఎదురైతే పాట ఆపాలి, జనరేటర్ ఆపాలి, దించిన తల ఎత్తకుండా నిలబడాలి. హిందువా ముసల్మానా అని చూడరు. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఇది వైర్లు చుట్టడం కంటే ముందు నేర్పించాడు. ఒకసారి తాండూరులో ఒక శేఠ్ కొడుకు బరాత్ జరుగుతుంటే గల్లీ చివర జనాజా కనబడి నేను మోత ఆపేశాను. గుర్రం బెదిరింది, పెళ్లికొడుకు మేనమామ నా కాలరు పట్టుకున్నాడు. అయినా పాట పెట్టలేదు. ఆ కథ నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. మంచి పేరు తెచ్చిన కథ. ఆ పేరు కాపాడుకోవడానికే నా చెయ్యి ఆ రోజు స్విచ్ మీదికి పోయిందా అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

జనరేటర్ ఆగిన కాసేపటికి నవీన్‌కుమార్ ఫోన్ చేశాడు.

"చాచా, సిగ్నల్ పోయింది. ఏమైంది?"

శవం పోతోందని చెప్పొచ్చు. కానీ అతను చదువుకున్న పిల్లవాడు, హైదరాబాద్ వాడు. ఆకాశంలో గడియారాలు పెట్టి పని చేసేవాళ్లకు, ఎవరో తెలియని ముసలామె కోసం పని ఆపాను అని చెప్పడానికి సిగ్గు పడ్డాను. డీజిల్ పైపులో గాలి చేరింది, తీస్తున్నా అన్నాను. జర జల్ది చూడు చాచా, ఇదొక్కటి అయితే ఈ లైన్ అయిపోతది అన్నాడు. రెండు నిమిషాలు అన్నాను. అది నా మొదటి అబద్ధం. చిన్నదే. ఆవగింజంత.

వాళ్లు సరిగ్గా మా ట్రాలీ ముందుకొచ్చి పాడె దించారు. దింపుడు కల్లం. సగం దారిలో పాడె దించి, చనిపోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలిచి చూస్తారు. ప్రాణం ఎక్కడైనా ఉంటే పలుకుతుందని. డప్పు ఆగింది. ఆమె కొడుకు కావచ్చు, అతనికీ జుట్టు నెరిసింది. వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, యవ్వా, యవ్వా, యవ్వా అన్నాడు. కన్నడంలో అమ్మా అని. ఒక్కో పిలుపుకూ మధ్య ఆగి ముఖం చూశాడు. నేను టోపీ సర్దుకుని నిలబడ్డాను. మా అమ్మ పోయినప్పుడు నేను షాద్‌నగర్‌లో ఒక సభకు హారన్లు కడుతున్నాను.

అది ఇప్పుడు అక్కర్లేదు. రాసేసి ఉంటే ఉండనివ్వండి.

పాడె మళ్లీ లేచింది. ఒక వంద అడుగులు పోయారు. నవీన్‌కుమార్ ఫోన్ మళ్లీ మోగింది. నేను ఎత్తకుండానే జనరేటర్ స్టార్ట్ చేశాను. మైకు చేతిలోకి తీసుకున్నాను. నోటి దాకా తెచ్చాను. పాడె వెనక నడుస్తున్న ఆడవాళ్లలో ఒకామె జనరేటర్ మోతకే వెనక్కి తిరిగి చూసింది. ఇంకా కనుచూపు దాటని శవం వెనక హారన్‌లో అరవడం నాకు మనసొప్పలేదు. మైకు పెట్టేశాను. ఫోన్ చేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. చేయొచ్చు. అంజిలయ్య నంబరు నా ఫోన్‌లో ఉంది, సిగ్నల్ కూడా ఉంది. తూర్పు వైపు చూశాను. ఎండ కళ్లలో కొట్టింది, కంది కోయని చేను ఒకటి అడ్డం. తువ్వాల కనబడలేదు. ఈపాటికి దూరంగా నీడలో కూర్చుని ఉంటాడు అనుకున్నాను. అనుకుని, ఆకుపచ్చ మీట నొక్కాను.

పెట్టె దాని పని అది చేసింది. తాళం తప్పకుండా పట్టుకుంది.

చనిపోయినామెను మూడుసార్లు పిలిచారు. బతికున్నవాణ్ణి నేను ఒక్కసారి పిలవలేదు.

మోతను దాటుకుని తూర్పు నుంచి కేక వినబడింది. మనిషి కేకలా లేదు. ఎర్ర మీట కొట్టి పరుగెత్తాను. ఈ వయసులో నేను అంతదూరం పరుగెత్తగలనని నాకు తెలియదు. అంజిలయ్య గుంత పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. ఉప్పునీళ్ల డబ్బా బోర్లా పడి ఉంది. జనరేటర్ ఆగింది కాబట్టి గుంత తడపడానికి వచ్చాడు, వదులైన రేకును కుడిచేత్తో లోపలికి నొక్కుతున్నాడు. ఆ చెయ్యి ఎలా ఉందో నేను చెప్పను, డాక్టర్ల కాగితాల్లో ఉంది. ఛాతీ మీద గుద్దాను, పేరు పెట్టి పిలిచాను. అప్పుడు పిలిచాను. ట్రాక్టర్ డ్రైవర్ వచ్చాడు, ఇద్దరం ఎత్తి రోడ్డు దాకా తెచ్చి, ఆటోలో తాండూరు, అక్కడి నుంచి అంబులెన్సులో వికారాబాద్. దారి పొడుగునా అతని తల నా ఒడిలో ఉంది. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మణికట్టు పైన తీసేశారు.

ఆ సాయంత్రం హన్మమ్మ ఆసుపత్రి వరండాలో నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "అన్నా, నువ్వు లేకుంటే మాకు దిక్కు లేకుండె" అంది. వాళ్ల ఊరివాళ్లు పదిమంది చుట్టూ ఉన్నారు. ఆ క్షణాన చెప్పి ఉండాల్సింది. నా నోట్లోంచి వచ్చింది ఏమిటంటే, అంతా పైవాడి దయ అని.

రాత్రి కంపెనీ క్యాంపు మేనేజర్ శ్రీశైలం గారు నన్ను జీపులో కూర్చోబెట్టుకుని మాట్లాడారు. ఆయన బెదిరించలేదు, అది న్యాయంగా చెప్పాలి. చాయ్ తాగించారు. జనరేటర్ మధ్యలో ఆగిందంటే ఎందుకు ఆగిందని అడుగుతారు, చెప్పి ఎందుకు ఇవ్వలేదని అడుగుతారు, ఈ వయసుల నీకు జైలెందుకు సాబ్ అన్నారు. పెట్టె లెక్క ప్రకారం పదిన్నర నుంచి పదకొండూ నలభై దాకా కరెంటు ఉండాల్సిన సమయమే. ఆ సమయంలో గుంత దగ్గరికి పోవద్దని కాపలావాళ్లకు చెప్పే ఉంది. పోయింది అంజిలయ్య. ఇందులో అబద్ధం ఎక్కడుంది అన్నారు. నేనూ వెతికాను. నిజంగానే అబద్ధం దొరకలేదు. జనరేటర్ ఆగిందన్న ఒక్కమాట తీసేస్తే మిగిలిందంతా నిజమే. మర్నాడు పోలీసులు అడిగినప్పుడు జనరేటర్ ఆగలేదని చెప్పాను. వాళ్లు రాసుకున్నారు. పాడె వెంట వచ్చినవాళ్లు సరిహద్దు దాటి వెళ్లిపోయారు, వాళ్లను ఎవరూ అడగలేదు. నవీన్‌కుమార్‌కు సిగ్నల్ పోయిన సంగతి తెలుసు, నేను చెప్పిన గాలి కథ తెలుసు. అతన్ని మూడోరోజే ఇంకో జిల్లాకు పంపించారు. పోయేముందు ఫోన్ చేసి, చాచా, అంతా ఓకేనా అని మాత్రం అడిగాడు. ఓకే అన్నాను.

అప్పటి నుంచి నేను రెండు మూడు రోజులకోసారి తాండూరులో రైలెక్కి వికారాబాద్ ఆసుపత్రికి పోతున్నాను. సంతరా పండ్లు, మందులు, జమాలున్నీసా చేసిన కిచిడీ. ఆ వార్డులో నాకు మంచి పేరు. నర్సమ్మలు కూడా, ఈయనే కాపాడింది అని కొత్తవాళ్లకు చూపిస్తారు.

అంజిలయ్య మాట్లాడే స్థితికి వచ్చిన రోజు ముందుగా అడిగింది ఇదే.

"నజీర్ భాయ్, జనరేటర్ ఆగింది కదా?"

హన్మమ్మ పక్కనే ఉంది. శ్రీశైలం గారు పంపిన మనిషి ఒకడు తలుపు దగ్గర ఉన్నాడు. "ఆగలే అంజిలయ్య" అన్నాను.

"నాకైతే ఆగినట్టే ఇనవడ్డది. డప్పు సప్పుడు గూడ ఆగింది."

"గాలికి గట్ల అనిపిస్తది."

అతను ఎడమచేత్తో కట్టు సర్దుకున్నాడు. తర్వాత, "నువ్వు మైకుల చెప్పకుండ కరెంట్ ఇయ్యవు. నాకు ఎరుకే. నేనే ఇనకపోయి ఉంట" అన్నాడు. అతను అనుమానించి తిట్టి ఉంటే నేను అడ్డంగా వాదించేవాణ్ణే, వాదనలో నేను గట్టివాణ్ణి. అతను నమ్మాడు. నమ్మినవాడితో ఏం వాదిస్తారు?

ఊళ్లో మాట ఎప్పుడు పుట్టిందో తెలియదు, ఆ రోజు అంజిలయ్య కల్లు తాగి ఉన్నాడని. పండగపూట తాగుతాడు. అది అందరికీ తెలుసు. పనిలో నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు పొద్దున మేమిద్దరం కలిసి చాయ్ తాగాం, వాసన లేదు. కానీ మాట పుట్టింది. జనరేటర్ ఆగనప్పుడు, పెట్టె తప్పు చేయనప్పుడు, మైకులో చెప్పకుండా నజీర్ కరెంటు ఇవ్వనప్పుడు, ఇక మిగిలింది కల్లే. హన్మమ్మ మొదట ఊరివాళ్లతో కొట్లాడింది. తర్వాత మొగుడితో కొట్లాట మొదలుపెట్టింది. "నిజం చెప్పు, తాగినవా లేదా? నీ తాగుడుకు చెయ్యి పోయింది, రేపు ఆ కంది ఎవడు కోస్తడు?" అని వార్డులో అందరి ముందు. అతను తాగలే, తాగలే అంటూ వచ్చాడు. నేను సంతరాలు ఒలుస్తూ కూర్చున్నాను.

పోయిన ఆదివారం, ఫిబ్రవరి 16న, నేను పోయేసరికి శ్రీశైలం గారి మనిషి ఒక కాగితం తెచ్చి చదివి వినిపిస్తున్నాడు. నా పొరపాటు వల్లే గుంత దగ్గరికి పోయాను, ఎవరి మీదా ఫిర్యాదు లేదు అని. శుక్రవారం వచ్చి వేలిముద్ర తీసుకుంటామన్నాడు. అతను పోయాక హన్మమ్మ మళ్లీ అడిగింది. ఈసారి కోపంగా కాదు. చాలా మెల్లగా అడిగింది.

అంజిలయ్య ఎడమచేతి వేళ్లతో దుప్పటి అంచు నలుపుతూ, "తాగిన కావొచ్చే. మర్చిపోయిన కావొచ్చు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీకు గూడ పరేషాన్ చేసిన, నజీర్ భాయ్. ఏమనుకోకు" అన్నాడు.

నేను చూస్తుండగా ఒక మనిషి తాగని కల్లు ఒప్పుకున్నాడు. తన చెవులు విన్నది వినలేదని ఒప్పుకున్నాడు. చెయ్యి పోయినప్పుడు కూడా నేను అంత భయపడలేదు. చెయ్యిని కరెంటు తీసుకుంది. ఇది నేను తీసుకుంటున్నాను, రెండు మూడు రోజులకోసారి వచ్చి, సంతరాలు ఇచ్చి.

ఆ రాత్రి జమాలున్నీసాకు మొత్తం చెప్పాను. నేను కథలు చెప్పే మనిషిని కదా, ఎక్కడో ఒకచోట హుఁ అంటుందని ఆగి ఆగి చూశాను. అనలేదు. చివరికి, "జనాజాకు ఇజ్జత్ ఇచ్చినవ్. మంచిదే. బతికున్నోనికి ఏమిచ్చినవ్ జీ?" అంది. అంతే. దీపం ఆర్పేసింది.

మెజిస్ట్రేట్ గారు కొన్ని ప్రశ్నలు అడిగారు, వాటి జవాబులు ఇవి. కంపెనీ నన్ను జనరేటర్ ఆపమనలేదు, నేనే ఆపాను. పెట్టెలో లోపం లేదు, ట్రాన్స్‌మిటర్‌లో లోపం లేదు. జనరేటర్ సుమారు పదిహేను నిమిషాలు ఆగి ఉంది. పైపులో గాలి చేరలేదు. అంజిలయ్య ఆ రోజు కల్లు తాగలేదు, ఇది నేను ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెబుతాను. అతను విన్నది సరిగ్గా విన్నాడు. జనరేటర్ ఆగింది. మళ్లీ నడిపింది నేను, మీట నొక్కింది నేను, మైకు పట్టుకుని కింద పెట్టింది నేను. కరెంటు ఉండాల్సిన సమయమే అన్నది పెట్టె లెక్క. మోత ఆగిందంటే కరెంటు లేదు, నజీర్ చెప్పందే రాదు అన్నది అంజిలయ్య లెక్క. అతని లెక్కే సరైనది, తప్పించింది నేను. పోలీసులకు నేను ముందు చెప్పింది అబద్ధం. శ్రీశైలం గారు దారి చూపించారు, నడిచింది నేను. శుక్రవారం అంజిలయ్య దగ్గర తీసుకోబోయే వేలిముద్ర తీసుకోకుండా ఆపాలని నా మనవి. తప్పు నాది అని ఒప్పుకోవడం నేను చేయాల్సిన పని, అతనిది కాదు.

ఈ వాంగ్మూలం సంగతి ఎవరికైనా తెలియజేయాలా అని అడిగారు. తెలియజేయాలి. హన్మమ్మ బయట మెట్ల మీద కూర్చుని ఉంది. ఆసుపత్రి నుంచి నాతోపాటు నడిచి వచ్చింది. నాకు కోర్టులో ఏదో కిరాయి తగాదా ఉందనుకుంటోంది, ముసలివాణ్ణి ఒంటరిగా పంపడం ఎందుకని తోడు వచ్చింది. నా చెప్పులు, సంచి ఆమె దగ్గరే ఉన్నాయి. ఆమెకు పోలీసులో బంట్రోతో చెప్పకూడదు. నేనే చెబుతాను. పోలీసులు నా వెంట రావచ్చు, కానీ నేను చెప్పేటప్పుడు కొంచెం వెనక నిలబడమని కోరుతున్నాను. ఆమె కొడితే అడ్డం రావద్దని కూడా కోరుతున్నాను. ఆ తర్వాత ఆమె ఒప్పుకుంటే ఆమెతో కలిసి, ఒప్పుకోకపోతే ఆమె వెనకాల, ఆసుపత్రికి పోయి అంజిలయ్యకు చెబుతాను. ముందు ఒక్కటే చెబుతాను, నువ్వు విన్నది నిజమని. మిగతాది అతను అడిగితే.

పైన ఉన్నదంతా నాకు తెలుగులో చదివి వినిపించారు. అక్కర్లేని మాటలు కొన్ని ఉన్నాయి, అవి నా నోటి అలవాటు. అబద్ధం మాత్రం ఇందులో లేదు. ఎవరూ భయపెట్టలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు, ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. నా కుడిచేత్తో నేనే సంతకం చేస్తున్నాను.

(సంతకం)
మహమ్మద్ నజీర్
వికారాబాద్, 19-02-2025